వైండింగక్క బిగించుకున్న కంప్యూటర్

వైండింగక్క పోయిందన్న కబురు వాళ్ళన్న ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున డ్యూటీకని బస్టాపులో నిలబడి ఉండగా ఛాతీలో నొప్పి వచ్చిందట. పక్కనున్నవాళ్ళు ఆటోలో దవాఖానాకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందట. "నీకు జెప్పకుంటె ఎట్ల తమ్మీ, నువ్వంటె దానికి మస్తు పాణం. మూడు గంటలకు తీస్కపోతం" అని పెట్టేశాడు.

ఇప్పుడు పని చేసే ల్యాబులో సగం రోజు సెలవు అడిగి, ఉప్పల్ నుంచి నాచారం బయలుదేరాను. దారి పొడుగునా ఆమె చేతులే గుర్తొస్తున్నాయి.

నేను ఏలూరు వైపు నుంచి వచ్చి, నాచారంలో మందుల కంపెనీలో చేరిన కొత్తలో వాళ్ళ ఇంటి పై అంతస్తులో అద్దెకు దిగాను. కింద వాళ్ళన్న కుటుంబం. పైన నా గది, దాని పక్కనే ఆమె గది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మోటార్లకు రాగితీగ చుట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా పని చేసింది కాబట్టి బస్తీలో చిన్నా పెద్దా అందరికీ వైండింగక్క. అసలు పేరు ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. నేనూ ఇక్కడ రాయను.

ఏ తీగ కనిపించినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి లాగి చూసేది. నా ఇయర్‌ఫోన్ వైరు, బట్టలారేసే తీగ, ఏదైనా సరే. ఒకప్పుడు అలా ముట్టుకోగానే తీగ మందమెంతో చెప్పేదట. కొలిచి చూస్తే సరిగ్గా అంతే ఉండేదట. నేను ఎరిగేనాటికి వేళ్ళ కొసలకు తిమ్మిరి పట్టి ఆ విద్య పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. తిమ్మిరి సంగతి తెలిసి ఫ్యాక్టరీవాళ్ళు ఆమెను ప్యాకింగుకు మార్చారు. అట్టపెట్టెలకు టేపు అంటించే పని.

"జీతం తగ్గలే తమ్మీ, నేనే తగ్గిన" అంది ఒకసారి, మెట్ల మీద చెప్పులు విప్పుకుంటూ. ఆ మాట మళ్ళీ అనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను తలుపు తీసిపెట్టుకుని కంప్యూటర్లో ఆట ఆడుతున్నాను. కొండలూ వాగులూ ఉన్న పెద్ద దేశం, అందులో గుర్రమెక్కి తిరిగే మనిషి. ఆమె నా కూరగిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆ గుర్రాన్ని నువ్వే తోలుతున్నవా?"

"అవునక్కా."

"నీ ఇష్టమున్న కాడికి తోలచ్చా, వాండ్లు జెప్పిన తోవలనే పోవాల్నా?"

"ఎటైనా పోవచ్చు."

"జర జరుగు."

మొదట చెట్టుకు గుద్దింది. తర్వాత వాగులో పడింది. ఆట ఆమెను ఎవరినో కాల్చమని పదే పదే అడిగింది. ఆమె వినిపించుకోలేదు. గుర్రాన్ని నడిపించుకుంటూ ఒక కొండ ఎక్కి, పైన ఆపి, కింద కనిపించే లోయను చాలాసేపు చూసింది. కుర్చీలోంచి లేచేసరికి ఎండ వాలింది.

"చిన్నప్పుడు కీసర జాతరల పైసలిస్తె గుర్రమెక్కిస్తుండె" అంది. "మా అన్న ఎక్కిండు. నేనూ ఎక్కుత అంటె, ఆడిపిల్లవు, గుర్రమెందుకే అన్నడు మా నాయన. గిసొంటి కంప్యూటర్ కొనుక్కుంటె ఎంతయితది?"

దుకాణంలో తయారుగా ఉన్నదైతే లక్ష పైమాటే అన్నాను.

"మరి బిగించుకుంటె?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "చిట్టీ ఎత్తిన. నలభై వేలున్నయ్. నలభై దాటొద్దు. ఏమేం గావాల్నో జెప్పు."

ఆ సాయంత్రమే కింద ఇంట్లో గొడవ జరిగింది. వాళ్ళన్న చెడ్డవాడు కాదు, నలుగురు ఏమనుకుంటారో అని భయపడే మనిషి. "ఈ వయసుల గుర్రాల ఆటనా? బస్తీల తలెత్తుకొని తిరగాల్నా వద్దా? నవ్వుతరే!" అన్న మాట పైకి వినిపించింది.

"నవ్వనియ్యన్నా" అంది ఆమె. "మూడు దినాలు నవ్వుతరు. నాలుగో దినం సూస్తమని వస్తరు."

తర్వాతి రెండు వారాలూ ఆమె నాకు పరీక్ష పెట్టింది. డ్యూటీ నుంచి వచ్చి, మొహం కడుక్కుని, నా గది ముందున్న పిట్టగోడ మీద కూర్చునేది. చేతిలో ఫ్యాక్టరీ చీటీల కట్ట. ఒక్కో మోటారుకు ఎన్ని చుట్లు, ఎంత మందం తీగ అని రాసి కట్టే చీటీలవి. నేను ఒక భాగం పేరు చెప్పబోతే ఆపేది.

"పేరు తర్వాత. పని ముందు జెప్పు."

ప్రాసెసర్ చీటీ మీద 'లెక్క జేసేది' అని రాసుకుంది. గ్రాఫిక్స్ కార్డు 'బొమ్మ గీసేది'. ర్యామ్ ఏమిటని అడిగితే, చేస్తున్న పనికి కావలసిన సామాను పరుచుకునే బల్ల లాంటిదన్నాను. 'బల్ల' అని రాసుకుంది. అన్నిటి పక్కనా అది ఎంత కరెంటు తింటుందో అడిగి వేసుకుంది. చివర కూడుకుని, తల పంకించి, "ఇగ కరెంటిచ్చేది సూద్దం" అంది.

"అది చివర చూద్దామక్కా. మిగిలిన డబ్బులతో ఏదో ఒకటి కొనొచ్చు. ముందు మంచి గ్రాఫిక్స్ కార్డు..."

నేను మాట పూర్తి చేయలేదు. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ల్యాబులో పరీక్ష చేయకుండానే సంతకం పెట్టిన కుర్రాణ్ణి మా పెద్దాయన అలాగే చూస్తాడు.

"ఇరవై ఏండ్ల సంది కాలిన మోటర్లు సూస్తున్న తమ్మీ. సగం మోటర్లు తమ తప్పుకు కాలలే, వచ్చే కరెంటు మంచిది గాక కాలినయ్. బొమ్మ జర చిన్నగున్నా సరె. కరెంటిచ్చేదాంట్ల కక్కుర్తి పడేది లేదు."

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర సందులో కొత్తవీ పాతవీ కంప్యూటర్ సామాన్లు అమ్మే దుకాణం ఒకటి ఉండేది. శనివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాం. కౌంటరు మీద ముప్పై ఏళ్ళ ఆసామి, యజమాని తనే.

"బాబు కోసమా ఆంటీ? ఏం చదువుతున్నడు?"

"నా కోసమే. ఆటలాడుకోనీకి."

అతను నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను. ఆమె చీటీల కట్ట తీసి కౌంటరు మీద పరిచింది.

భాగాలన్నీ బిగించే పెట్టెల్లో రంగురంగుల దీపాలు వెలిగేది ఒకటి చూపించాడు. "దీపాలు పెండ్లి పందిరికి. వద్దు" అంది. సాదా పెట్టె చూపించి, దానితో పాటు కరెంటు సప్లై ఉచితం అన్నాడు. ఆమె ఆ సప్లైని ఎడమ చేతిలో పెట్టమంది. కౌంటరు వెనక అరలో ఉన్న ఖరీదైన సప్లైని కుడి చేతిలో పెట్టమంది. రెండు చేతులూ పైకీ కిందికీ ఆడించి, కూరగాయలు తూచినట్టు తూచింది. తర్వాత ఎడమచేతిది కౌంటరు మీద పెట్టేసింది.

"దీని మీద రాత ఎక్కువున్నది, లోపల రాగి తక్కువున్నది."

దుకాణదారు నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ ఖరీదైన సప్లై కొన్నాక మిగతావాటిలో కోత పడింది. కీబోర్డు అన్నిటికంటే చవకది. తెర ఒక ఆఫీసువాళ్ళు అమ్మేసిన పాతది, అంచున చిన్న గీతతో. కొత్త గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు చాలదు, పాతదే కొనాలి. దుకాణదారు లోపలి నుంచి ఒకటి తెచ్చాడు. కొత్తదానిలా మెరుస్తోంది.

"కాలేజీ పిలగానిది ఆంటీ. ఆర్నెల్లు కూడ వాడలే."

ఆమె దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఫ్యాన్ల సందుల్లోంచి, వెనక నుంచి, పక్క నుంచి వాసన చూసింది. దుకాణంలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు సిగ్గేసి బయటి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇది ఆర్నెల్లు ఆడుకున్నది గాదు బిడ్డా. రాత్రింబగళ్ళు ఉడికింది. తీగ మీది పూత మాడిన వాసన నాకు దెల్వదా?"

"ఆంటీ, మీకు తెల్వదు గని, మీ ఇంట్ల ఎవరన్న తెలిసినోళ్ళుంటె తీస్కరండి, వాళ్ళతోని మాట్లాడ్త."

నేనైతే అక్కడితో వచ్చేసేవాణ్ణి. ఆమె అరుగు మీదున్న ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కౌంటరుకు ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు.

"తెలిసినోళ్ళెందుకు? పెట్టి నడిపియ్. బరువున్న ఆట ఏదన్న ఉంటె అది నడిపియ్. గంట సేపు. నడిస్తె నువ్వు జెప్పిన ధర ఇచ్చి, తప్పయిందని జెప్పి పోత."

కొనడానికి వచ్చిన కుర్రాళ్ళ ముందు అతనికి కాదనడానికి లేకపోయింది. కార్డు తగిలించి ఒక యుద్ధం ఆట పెట్టాడు. పది నిమిషాలు బాగానే నడిచింది. అతను నా వైపు చూసి కళ్ళెగరేశాడు. ఆమె కదలలేదు. పావుగంట దాటుతుండగా తెర మీద ఆకుపచ్చ చుక్కలు మొదలయ్యాయి. తర్వాత గళ్ళు గళ్ళుగా రంగులు. తర్వాత తెర నల్లబడిపోయింది.

నవ్విన కుర్రాళ్ళలో ఒకడు, "అన్నా, నాకు మొన్న ఇచ్చింది గూడ గిట్లనే ఉన్నది" అన్నాడు.

దుకాణదారు కార్డు పీకి పక్కన పెట్టాడు. తప్పు ఒప్పుకున్నాడు, అది అతని మంచితనం. కంప్యూటర్లతో లెక్కలు చేయించి సంపాదించే డిజిటల్ నాణేల కోసం నెలల తరబడి ఆపకుండా నడిపించి వదిలేసిన కార్డులు ఎవరో గంపగుత్తగా తెచ్చి తనకు అమ్మారనీ, చూడకుండా తీసుకున్నాననీ చెప్పాడు. లోపలికి వెళ్ళి దుమ్ము పట్టిన మరో కార్డు తెచ్చాడు. ఆమె వాసన చూసింది.

"దుమ్మున్నది గని మాడలే. ఇది నడిపియ్."

అది గంట నడిచింది. ఆమె గంటసేపూ ఆ స్టూలు మీదే ఉంది. లేచేటప్పుడు, "అన్నిటినీ గిట్లనే నడిపిచ్చి అమ్ము. నీ దుకాణం నిలవడ్తది" అంది. ఈసారి అతను ఆంటీ అనలేదు. "సరే అక్కా" అన్నాడు.

బిగించడం మర్నాడు, ఆదివారం. ఆమె గదిలో చాప వేసి, మీద తెల్లటి దుప్పటి పరిచింది. స్క్రూలు కనబడాలని. నన్ను గోడకు ఆనుకుని కూర్చోమని, సామాన్లతో వచ్చిన పుస్తకం చేతిలో పెట్టింది.

"నువ్వు సదివి జెప్పు. చేతులు వెట్టకు."

నా చేతులైతే గంటన్నర పని. ఆమెకు పొద్దున మొదలు పెడితే మధ్యాహ్నం దాటింది. చిన్న స్క్రూ పట్టుకుంటే అది వేళ్ళ మధ్య ఉందో జారిందో ఆమెకు తెలిసేది కాదు, కళ్ళతో చూసుకోవాల్సి వచ్చేది. ఎన్నిసార్లు పడ్డాయో. పడిన ప్రతిసారీ దుప్పటి మీద వెతికి, మళ్ళీ పెట్టేది. విసుగు లేదు, నిట్టూర్పు లేదు. ప్రాసెసర్‌ను దాని గడిలో కూర్చోబెట్టే ముందు మాత్రం రెండు చేతులూ వేడినీళ్ళలో పెట్టుకుని, తుడుచుకుని వచ్చింది. ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టింది. సరిగ్గా కూర్చుంది.

మధ్యలో టీ తేవడానికి కిందికి వెళ్ళింది. భాగాలన్నీ తగిలించే మదర్‌బోర్డు ఆనడానికి పెట్టె అడుగున చిన్న ఇత్తడి కాళ్ళు బిగించాలి. చాలావరకు ఆమే బిగించింది. ఇంకా ఒకటి మిగిలినట్టు నాకు అనిపించింది. మిగిలిన కాలును చూస్తుంటే, ఆ మొద్దుబారిన వేళ్ళతో ఎంత అవస్థ పడుతుందో పాపం అనిపించింది. ఖాళీగా కనిపించిన చోట గబగబా బిగించేసి మళ్ళీ గోడకు ఆనుకున్నాను. ఆమెకు చెప్పలేదు.

నాలుగింటికి అంతా అయింది. వాళ్ళన్న కూడా ఊరికే వచ్చినట్టు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె బటన్ నొక్కింది. ఫ్యాన్ ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

"నేను ముందే జెప్పలే?" అన్నాడు అన్న. ఆ గొంతులో ఎత్తిపొడుపు కంటే బాధే ఎక్కువ ఉంది. "పైసలన్నీ గంగల కలిసినయ్."

నేను, దుకాణదారును పిలుద్దాం అక్కా అన్నాను. ఆమె మా ఇద్దరి మాటా విననట్టే ప్లగ్గు పీకింది.

"మోటర్ తిరుగకుంటె ఏం జేస్తం? అన్నీ ఇప్పి, ఒక్కొక్కటి కలుపుకుంట వస్తం."

పొద్దున నుంచి పడ్డ పాటంతా వెనక్కి తిప్పింది. ఒక్కో స్క్రూ విప్పి బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టింది. అక్కడే తీగలు కలిపి కరెంటిచ్చింది. ఫ్యాన్ తిరిగింది. ఆగలేదు, తిరుగుతూనే ఉంది.

"బయట నడుస్తున్నది. లోపల నడుస్తలేదు. అంటె తప్పు దీంట్ల లేదు, పెట్టెల ఉన్నది."

టార్చి వేసి పెట్టె అడుగున చూసింది. బోర్డుకు ఉన్న రంధ్రాలు లెక్కపెట్టింది. పెట్టెలోని ఇత్తడి కాళ్ళు లెక్కపెట్టింది. కాలు ఒకటి ఎక్కువ ఉంది. రంధ్రం లేని చోట ఉన్న కాలు బోర్డు వెనక భాగానికి తగులుతోంది. అదే షార్టు.

"ఇది నేను వెట్టలే" అంది మెల్లగా.

గదిలో ముగ్గురమే ఉన్నాం. అన్నకు ఇత్తడి కాలంటే ఏమిటో కూడా తెలియదు. నేను తల వంచుకుని, "నేనే పెట్టానక్కా, మీకు కష్టమవుతుందని" అన్నాను.

ఆమె ఆ కాలును విప్పి నా అరచేతిలో పెట్టింది. కోప్పడితే బాగుండేదనుకున్నాను.

"ఫ్యాక్టరీల గూడ గిట్లనే జేసిన్రు తమ్మీ. నన్ను అడగలే. కష్టమయితదని వాండ్లే అనుకున్నరు, వాండ్లే తీసిన్రు. సాయం జెయ్యి, వద్దన. గని అడిగి జెయ్యి." తర్వాత సప్లై మీద చెయ్యి వేసి, "ఇది మంచిది గాబట్టి తనకు తాను ఆపుకున్నది. ఆ ఉత్తగిచ్చిన డబ్బా అయితె బోర్డు ఇప్పటికే మాడుతుండె" అంది.

మళ్ళీ మొదటి నుంచి బిగించింది. ఈసారి నేను నిజంగానే చేతులు కట్టుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు తెర వెలిగింది. వాళ్ళన్న లోపలికి వచ్చి చాప అంచున కూర్చున్నాడు.

ఆమె ఆ కంప్యూటర్లో గుర్రమెక్కి తిరుగుతుంటే బస్తీ అంతా నవ్వుకుంది, తర్వాత చూడ్డానికీ వచ్చింది. అది కాదు నేను చెప్పాలనుకున్నది. ఆ సోమవారం ఆమె ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది. వైండింగుకు వెనక్కి పంపమని అడగలేదు. చుట్టడంలో వేగం కావాలి, అది తనకు ఇక రాదని ఆమెకు తెలుసు. కాలిపోయి తిరిగొచ్చిన మోటార్లు ఎందుకు కాలాయో కనుక్కునే పని ఇమ్మంది.

"చేతులు మెల్లగైనయ్ సార్, మతి మెల్లగ గాలే అని జెప్పిన" అంది నాతో, మెట్లు ఎక్కుతూ.

ఆయన కుదరదన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. కుదరదన్నాడు. ఇలా నాలుగుసార్లయ్యాక, వదిలించుకోవడానికేమో, ఒకే కస్టమర్ నుంచి రెండుసార్లు కాలి వెనక్కి వచ్చిన మోటారు ఆమె ముందు పడేశాడు. రెండుసార్లూ కొత్త తీగ చుట్టి పంపినదే. ఆమె రెండు రోజులు దాని ముందు కూర్చుంది. తీగలో తప్పు లేదు. వైర్లు కలిపే డబ్బీ మూత కింద రబ్బరు పగిలి, లోపలికి నీళ్ళు దిగుతున్నాయి. మూడో రోజు ఆమెకు గోడవారగా ఒక బల్ల వేశారు. చనిపోయే దాకా ఆ బల్ల ఆమెదే.

నేను నాచారం చేరేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు దిగినవాళ్ళూ, రెండో షిఫ్టుకు పోవలసినవాళ్ళూ యూనిఫారాలతోనే వచ్చారు. వాళ్ళలో నలభై ఏళ్ళ ఒకావిడ, ప్యాకింగులో పని చేస్తుందట, నా పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆరు నెలలుగా సాయంత్రం ఒక గంట అక్క దగ్గర, కాలిన మోటార్లలో తప్పు కనుక్కునే పని నేర్చుకుంటోందట.

"మొన్న శనివారం ఒక మోటర్ నా ముంగట వెట్టి పోయింది అన్నా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "దాంట్ల తప్పేమున్నదో అక్కకు దెలుసు. నాకు జెప్పలే. నువ్వే కనుక్కో, సోమారం అడుగుత అన్నది. ఇయ్యాలనే సోమారం."

"కనుక్కున్నారా?"

"ఇంక లేదు. రెండు తావుల సూసిన, అక్కడ లేదు."

పాడె లేచింది. ఆ ప్యాకింగావిడ వీధి చివరి దాకా నడిచి, దండం పెట్టి, ఆగింది. అక్కడి నుంచి ఆడవాళ్ళు వెనక్కి తిరుగుతున్నారు. ఇంటికి తిరిగి వస్తుందనుకున్నాను. ఆమె నల్లా దగ్గర కాళ్ళూ మొహమూ కడుక్కుని, చేతి గడియారం చూసుకుని, బస్టాపు వైపు వడివడిగా నడవడం మొదలు పెట్టింది.

"ఎటు పోతున్నవే?" అని ఎవరో అడిగారు.

"రెండో షిఫ్టుకు" అంది వెనక్కి తిరగకుండానే. "ఆ మోటర్ ఇప్పాలె."